దీపు ఒంటికి అంటని సెట్టు

జనవరి 6, సోమవారం

ఈ రోజు మా దీపుకి ఇన్సులిన్ పంపు ఇచ్చారు. సంతోషంతో చెయ్యి వణుకుతోంది, అక్షరాలు వంకరగా పడుతున్నాయి. పడనీ. చదివేది నేనే కదా.

పొద్దున్నే ముగ్గురం క్లినిక్‌కి వెళ్ళాం. పంపు వాడకం నేర్పే అమ్మాయి పేరు రేణు. ఇక్కడే మిషిగన్‌లో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. నన్ను చూడగానే "గ్రాండ్‌పా, మీరు ఇక్కడ కూర్చో" అంటూ కుర్చీ లాగింది. నేను తాతను కాను, నాన్నను అన్నాను. పాపం, ముఖం ఎర్రబడి ఎన్నిసార్లు సారీ చెప్పిందో. నాకు సారీ ఎందుకు? అలా ఎవరైనా పొరబడితేనే కదా, నేను నాన్నను అని నోరారా చెప్పుకునేది. పెళ్ళే ఆలస్యంగా అయినవాణ్ణి, యాభై ఆరో ఏట దేదీప్య, మా దీపు, పుట్టింది. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. ఆ మాట కౌంటర్ దగ్గర కూర్చున్నామెకు కూడా చెప్పాను. లిఫ్ట్‌లో ఒకాయన ఏమీ అడగలేదు, ఆయనకూ చెప్పాను.

పోయిన వేసవిలో షుగరు బయటపడ్డప్పటి నుంచి బిడ్డకు రోజూ ఐదారు సూదులు. అన్నం తినే ముందు సూది, పండు తినే ముందు సూది. ఎవరి పుట్టినరోజుకైనా వెళితే, అందరూ కేక్ కోస్తుంటే ఇది వాళ్ళమ్మతో బాత్రూంలో ఉండాలి. పంపు ఉంటే మీట నొక్కితే చాలు. అందుకే దీపు ఈ రోజు కోసం క్యాలెండర్ మీద నక్షత్రం గీసి పెట్టుకుంది.

పంపు అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. దాంట్లోంచి సన్నని గొట్టం వస్తుంది. గొట్టం చివర బిళ్ళ, బిళ్ళ కింద సూది. బిళ్ళను పొట్ట మీద అతికిస్తే ఇన్సులిన్ దానంతట అదే లోపలికి పోతుంది. గొట్టం, బిళ్ళ, సూది కలిపి సెట్టు అంటారు. రెండు మూడు రోజులకొకసారి కొత్తది పెట్టాలి. స్ప్రింగు డబ్బాతో నిట్టనిలువుగా దిగేది ఒకటి, ఏటవాలుగా దిగేది ఒకటి, స్టీలు సూదిది ఒకటి. అన్నీ తలా కొన్ని ఇచ్చింది రేణు. వాడి చూసి, ఫిబ్రవరి ఆఖర్లో మళ్ళీ వచ్చినప్పుడు ఏదో ఒకటి తేల్చి చెప్పాలట.

డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. అప్పటికీ ఏ సెట్టూ ఒంటి మీద సరిగ్గా నిలవకపోతే ప్రస్తుతానికి మళ్ళీ సూదులకే పోదాం, బిడ్డ పెద్దయ్యాక చూద్దాం అని. ఆయన అలా అంటాడు. నిలవకపోవడం ఏమిటి? నలభై ఏళ్ళుగా బట్టకు బట్ట అతికిస్తున్నవాణ్ణి. బిళ్ళ అతికించలేనా?

జనవరి 7

సంతోషంలో మా కుట్టు షాపులో ఒక బ్లౌజుకు రెండూ ఎడమ చేతులే కత్తిరించాను.

జనవరి 9

నిన్న సాయంత్రం నిలువు సెట్టు పెట్టాం. దీపు ఏడ్చింది, తర్వాత పంపును నడుముకు పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. పంపుకి నేను కుట్టిన సంచి, మిగిలిన జరీ ముక్కతో. రాణిగారిలా ఉంది.

మా ఆవిడ సుధది కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు, చీకటితోనే వెళుతుంది. కాబట్టి పొద్దున పిల్ల పనంతా నాది. రోజూ చేసినట్టే నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, ఒళ్ళంతా మర్దన చేసి, స్నానం చేయించి, జడ వేశాను. ఈ ఫార్మింగ్టన్ హిల్స్ చలికి, ఇంట్లో హీటరు గాలికి పసి ఒళ్ళు బీటలు పడుతుంది. పుట్టిన నెల నుంచీ నా చేత్తోనే రాస్తున్నాను. దాని ఒళ్ళు చూసి గుడిలో ఆడవాళ్ళు ఏం సబ్బు వాడతారని అడుగుతారు.

బడి బస్సు ఎక్కేలోపే బిళ్ళ ఊడి గౌనులో పడింది. ఇంకొకటి పెట్టాను. మొదటిది కదా, జిగురు పాతబడి ఉంటుంది.

జనవరి 11

రెండోదీ ఊడింది. జిగురు మంచిది కాదు.

జనవరి 13

ఏటవాలు సెట్టు. పెట్టేటప్పుడు దీపు నా చొక్కా గుండీ పీకేసింది, అంత గట్టిగా పట్టుకుంది. రాత్రంతా బాగానే ఉంది. పొద్దున మర్దన, స్నానం అయ్యాక తువ్వాలుతో తుడుస్తుంటే తువ్వాలుతోపాటే వచ్చేసింది. తువ్వాలు దారాలు లేచి ఉన్నాయి, వాటికి పట్టుకుంది. కొత్త తువ్వాళ్ళు కొనాలి.

జనవరి 15

కొత్త తువ్వాళ్ళు. అయినా ఊడింది.

జనవరి 16

ఇలా కాదని నేనే ఒకటి పెట్టుకున్నాను. నేర్చుకోవడానికి క్లినిక్‌లో ఇచ్చిన ఖాళీ పంపు ఒకటి ఉంది, మందు ఉండదు. బిడ్డ ఒంటి మీద ఏం జరుగుతోందో తండ్రికి తెలియాలి కదా. సుధ పెట్టింది. నేను అరవలేదు. అరిచానని, పక్కింటి కుక్క మొరిగిందని సుధ అంటోంది. ఆ కుక్క ఎప్పుడూ మొరుగుతూనే ఉంటుంది.

దీపు వచ్చి నా పొట్ట మీద బిళ్ళను చూసి, దాని పక్కన ముద్దు పెట్టి, "నౌ వి ఆర్ ట్విన్స్ బాపూ" అంది. అరవై మూడేళ్ళ వయసులో నాకు కవల దొరికింది. ఈ మాట షాపుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను.

జనవరి 18

నాది రాయిలా అతుక్కుని ఉంది. దీపుది మళ్ళీ పోయింది. స్టీలుది కూడా. ఇంత ముసలి పొట్ట మీద, ఇన్ని వెంట్రుకల మీద నిలిచేది పువ్వులాంటి పొట్ట మీద ఎందుకు నిలవదు?

నాకు తోచింది: అది మరీ మెత్తని చర్మం కావడం వల్లే. ఇంకాస్త బాగా సంరక్షించాలి. రేపటి నుంచి మర్దన ఇంకో పావుగంట పెంచుతాను.

జనవరి 21

ఈ రోజు జరిగింది రాయకూడదు. కానీ రాయకపోతే నవ్వు ఆగదు.

రాజేశ్వరమ్మగారు గుంటూరు వైపు మనిషి, కొడుకు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆవిడ కంచిపట్టు బ్లౌజు ఈ రోజు ఇవ్వాలి. మెడకు పైపింగ్ వేస్తున్నాను. పైపింగ్ అంటే పట్టీ మధ్యలో సన్నని తాడు పెట్టి మడిచి కుట్టడం. ఆ తాడు ఒళ్ళో పెట్టుకుని మిషను తొక్కుతూ, ఎడమ చేత్తో అందిస్తూ పోయాను. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి చూడక్కర్లేదు. మెడ చుట్టూ గుండ్రంగా, ముత్యంలా వచ్చింది. ఇంత చక్కటి పైపింగ్ నేను ఎప్పుడూ కుట్టలేదు.

రాజేశ్వరమ్మగారు వచ్చి బ్లౌజు చేతిలోకి తీసుకుని, అద్దం దగ్గర భుజాల మీద పెట్టుకుని చూసుకుందామని నడిచారు. నేనూ నడిచాను. నడవకపోతే పొట్ట లాగేస్తోంది. ఆవిడ ఆగారు, నేనూ ఆగాను. ఆవిడ మళ్ళీ రెండడుగులు వేశారు. నేనూ వేశాను.

"ఏవిటండీ తిరుపతయ్యగారూ, ఇలా వెనకే వస్తున్నారు?" అన్నారావిడ, అద్దంలోంచి నన్ను చూస్తూ.

చూసుకుంటే ఏముంది. తాడు కుర్చీ కింద చుట్టగా పడి ఉంది. నా పొట్ట నుంచి బయల్దేరిన గొట్టం ఆవిడ మెడపట్టీలో చుట్టూ తిరిగి, అవతల నా జేబులోని పంపులోకి వెళ్ళింది.

"మీ బ్లౌజు నన్ను వదలడం లేదమ్మా" అన్నాను.

ఆవిడ బ్లౌజు వదిలేసి కుర్చీలో కూలబడ్డారు. నేనింకేం చెప్పాలో తెలియక, చొక్కా కొంచెం ఎత్తి బిళ్ళ చూపించి, మా పాప కోసం అన్నాను. అప్పుడావిడ ముఖం మారిపోయింది. సంగతంతా విని, కళ్ళు తుడుచుకుని, వెంటనే మళ్ళీ నవ్వు ఆపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. కుట్లు విప్పుతున్నంతసేపూ తనే దగ్గర నిలబడి టార్చి పట్టారు. బిళ్ళ దగ్గర గొట్టాన్ని తిప్పితే ఊడి వస్తుందని రేణు నేర్పింది. అది ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

ఒకటి మాత్రం తేలింది. పొడుగు గొట్టం వద్దు. పొట్టి గొట్టమే తీసుకోవాలి. ఇంత లాగినా నా బిళ్ళ మాత్రం కదల్లేదు. కదల్లేదు. అదే అర్థం కావడం లేదు.

జనవరి 24

బడి నుంచి ఫోను. బిళ్ళ ఎప్పుడో ఊడి, గొట్టం గాల్లో వేలాడుతోంది. మందు అంతా గౌనుకే పోయింది. షుగరు నాలుగు వందలు దాటింది. వెళ్ళేసరికి నర్సు గదిలో దీపు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వాంతి చేసుకుంది. ఇంటికొచ్చి రేణు చెప్పినట్టు సూది వేశాం.

రాయలేను.

జనవరి 25

దీపు బాగుంది. పొద్దున్నే లేచి ఇడ్లీ అడిగింది. నేను ఇడ్లీలు చేస్తూ పాట పాడాను, ఆపేయమంది. బాగుంది కాబట్టే ఆపేయమంది.

రేణు ఫోను చేసింది. ఒంటికి లోషన్ గానీ, క్రీమ్ గానీ, ఆయిల్ గానీ ఏమైనా పెడుతున్నారా అంకుల్ అని అడిగింది. లేదన్నాను. అబద్ధం కాదు. లోషన్ అంటే సీసాలో ఉండేది, క్రీమ్ అంటే డబ్బాలో ఉండేది. ఆయిల్ అంటే ఇక్కడి వాళ్ళు కారులో పోస్తారు, వేపుళ్ళకి పోస్తారు. మనది మర్దన.

సుధ పక్కనే ఉండి విన్నది. ఫోను పెట్టాక అడిగింది.

"నూనె పెడ్తున్నరు కదా పొద్దుగాల?"

"పెట్టడమెక్కడ. ముట్టిస్తున్న, అంతే."

"పొట్టకు గూడనా?"

"బిళ్ళ ఉన్నకాడ ముట్టను. చుట్టుపక్కల."

 సుధకు శనివారం మధ్యాహ్నం షిఫ్టు, టైమవుతోందని వెళ్ళిపోయింది. పోయేటప్పుడు నూనె సీసా తీసి బీరువా మీద పెట్టింది. నాకు అందుతుంది.

జనవరి 29

నూనె సగానికి తగ్గించాను. ఇదేమీ దాని వల్ల అని కాదు.

ఫిబ్రవరి 2

నిలవలేదు. దీపు క్యాలెండర్ మీద క్లినిక్ తారీఖు దగ్గర ఏడుపు ముఖం గీసింది. అదేమిటే అంటే, "బ్యాక్ టు షాట్స్ డే" అంది, మళ్ళీ సూదుల రోజు అని, మామూలుగా. అంత మామూలుగా అనకుండా ఏడ్చి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 5

బాగా ఆలోచించాను. నాది కూడా మూడు రోజులకొకసారి మారుస్తున్నాం, ఒక్కటీ ఊడలేదు. కారణాలు ఇవి కావచ్చు. దీపు గెంతుతుంది, నేను గెంతను. అందుకని షాపులో తలుపు వేసి గెంతి చూశాను. నాది ఊడలేదు. మోకాలు మాత్రం పట్టేసింది. దీపు బోర్లా పడుకుంటుంది. నేనూ రాత్రంతా బోర్లా పడుకున్నాను. ఊడలేదు. సుధ ఏమైందని అడిగితే పరిశోధన అన్నాను. పరిశోధన దుప్పట్లో చేయమంది, చలి వస్తోందట.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ తారీఖు గుర్తుంచుకోవాలి.

ఆదివారం కాబట్టి సుధ ఇంట్లోనే ఉంది, పక్క గదిలో నిద్రపోతోంది. నేను బాత్రూంలో దీపుకి మర్దన చేస్తున్నాను. సీసా బీరువా మీద నుంచే తీశాను, రాస్తున్నాను కనుక నిజమే రాస్తాను. దీపు ఉన్నట్టుండి గిన్నె లాక్కుంది. "నీకు కూడా బాపూ. ట్విన్స్ కదా" అంది. చొక్కా విప్పించింది. చిన్న చిన్న చేతులతో నా వీపుకీ, భుజాలకీ, పొట్టకీ నూనె రాసింది. నేను రాసినట్టే, బిళ్ళ దగ్గర ముట్టకుండా, చుట్టుపక్కల. నేను పాడే పాట కూడా పాడింది. ఆ సుఖం ఏం చెప్పాలి. కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

దీపు పాట ఆపింది.

"బాపూ, నీది ఫాలింగ్."

చూశాను. మిషను లాగినా కదలనిది, గెంతినా ఊడనిది, రాత్రంతా బోర్లా పడుకున్నా చెక్కు చెదరనిది నూనెలో మెల్లగా, పడవలా, నా బొడ్డు వైపు జారుతోంది.

దీపు దాన్ని చూసింది. నన్ను చూసింది. నూనె గిన్నెను చూసింది. ఏడేళ్ళ పిల్ల. గిన్నె తీసుకుని కింద పెట్టి, మూత పెట్టింది.

నేను చొక్కా లేకుండానే గదిలోకి వెళ్ళి సుధను లేపి, "నేనే" అన్నాను. సుధ కళ్ళు తెరవకుండానే, "మరి ఇంకెవరు?" అంది. నూనె సంగతి, నా చేతులే ఊడగొడుతున్నాయి, అని చెప్పాను. తిడుతుందనుకున్నాను. లేచి కూర్చుని నన్ను, కారుతున్న నా పొట్టను చూసి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి మంచం దిగి నేల మీద కూర్చుంది. ఆ నవ్వు మధ్యలోనే బడి నర్సు గది గుర్తొచ్చి ఇద్దరం ఆగాం. సుధ నా చెయ్యి పట్టుకుంది, నూనెకు జారింది, మళ్ళీ పట్టుకుంది.

ఫిబ్రవరి 10

రేణుకి ఫోను చేసి చెప్పేశాను. చాలాసేపు అటు వైపు నుంచి దగ్గుతున్నట్టు వినిపించింది. "సారీ అంకుల్, నేను లాఫ్ చేస్తలేను" అంది. మానేయక్కర్లేదట. సెట్టు మార్చే రోజు పాతది తీసేశాక మర్దన చేసి, సబ్బుతో బాగా కడిగి, పూర్తిగా ఆరాక కొత్తది పెట్టాలట. మధ్య రోజుల్లో కాళ్ళకీ చేతులకీ మాత్రమే. చేతులు కడుక్కున్నాకే సెట్టు ముట్టాలట. తన నానమ్మ కూడా తనకు ఇలాగే రాసేదట. నేను నానమ్మను కాను, నాన్నను అన్నాను.

ఫిబ్రవరి 12

ఉంది.

ఫిబ్రవరి 13

ఇంకా ఉంది. బడికి వెళ్ళి వచ్చింది, మంచులో దొర్లింది, ఉంది. షుగరు కూడా చెప్పినట్టు వింటోంది. షాపుకి వచ్చిన ప్రతి మనిషికీ ఉంది, ఉంది అని చెబుతున్నాను. ఏముందో కొందరు అడగలేదు.

ఫిబ్రవరి 19

ఇప్పుడు కొత్త చిక్కు. అన్నీ నిలుస్తున్నాయి. మరి ఏది తీసుకోవాలి?

నా ఓటు స్టీలు సూదికి. సూది సంగతి నాకు తెలుసు. సన్నగా, నేరుగా దిగుతుంది, లోపల మడత పడదు. సుధ ఓటు ఏటవాలుదానికి, మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి ఆడేటప్పుడు గుచ్చుకోదు అంటుంది. అన్నం దగ్గర మొదలైన వాదన పెరుగు దాకా నడిచింది. మీకు బట్టకు గుచ్చుడే తెలుసు, ఒంటికి కాదు అంది. నీకు కారు సీట్లే తెలుసు అన్నాను. దీపు మా ఇద్దరి మధ్య కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల తిప్పుతూ, తన పెరుగన్నం తను తినేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 24, సోమవారం

క్లినిక్. డాక్టరు లెక్కలు చూసి తల ఊపాడు. సూదులకు వెనక్కి పోనక్కర్లేదు. నేను ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపుతూనే ఉన్నాను, సుధ విడిపించింది.

రేణు మూడు సెట్లూ బల్ల మీద పెట్టింది. నేను స్టీలు గురించి మొదలుపెట్టాను, సుధ ఏటవాలు గురించి అందుకుంది. రేణు ఇద్దరికీ ఆగమన్నట్టు చెయ్యి చూపించి, కుర్చీ దీపు వైపు జరుపుకుంది.

"నువ్వు చెప్పు దేదీప్యా. నీకు ఏది?"

 ఇన్ని వారాల్లో తువ్వాళ్ళ గురించి ఆలోచించాను, జిగురు గురించి ఆలోచించాను, నా పొట్ట మీద పెట్టుకున్నాను, షాపులో గెంతాను. దీన్ని అడగలేదు.

దీపు ఆలోచించనేలేదు. నిలువుగా దిగేదాన్ని, స్ప్రింగు డబ్బాలో వచ్చేదాన్ని ముందుకు లాక్కుంది. మొదట్లోనే ఊడిందని మేం పక్కన పెట్టేసినది. ఎందుకని అడిగితే, మిగతావి పెద్దవాళ్ళు చేత్తో గుచ్చాలి, ఇది పొట్ట మీద పెట్టి రెండు వైపులా నొక్కితే చాలు అంది.

"దిస్ వన్ ఐ కెన్ డూ. బాపు చెయ్యి షేక్ అవుతది."

సుధ కిటికీలోంచి బయట మంచు చూసింది. రేణు కాగితం మీద రాసుకుంది, పొట్టి గొట్టం అని కూడా. నేను నా చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. ఆ చేతులతో నలభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించాను. దాని పొట్ట దగ్గరకు వచ్చేసరికే వణుకుతాయి. దానికి ముందే తెలుసు.

ఫిబ్రవరి 27, గురువారం

పెట్టె వచ్చింది. ఈ రోజు సెట్టు మార్చే రోజు. సుధ షిఫ్టు మార్చుకుని ఇంట్లోనే ఉంది. మర్దన, స్నానం, సబ్బు, ఆరబెట్టడం, అన్నీ రేణు చెప్పినట్టే. నేను చేతులు రెండుసార్లు కడుక్కుని తొట్టి అంచున కూర్చున్నాను. డబ్బాను దీపు చేతికిచ్చాను. ఏడిస్తే ఎత్తుకోవడానికి తువ్వాలు ఒళ్ళో పరుచుకున్నాను. సుధ తలుపు దగ్గర నిలబడింది.

దీపు డబ్బాను పొట్ట మీద పెట్టింది. తీసేసింది. మళ్ళీ పెట్టింది. నా వైపు చూసింది.

"బాపూ, నువ్వు ఐస్ క్లోజ్ చెయ్. నువ్వు చూస్తే నాకు స్కేర్ అవుతది."

మూసుకున్నాను. గట్టిగా మూసుకున్నాను. టక్ మని చప్పుడయింది. నా పొట్టే ఉలిక్కిపడింది. ఏడుపు కోసం చూశాను. రాలేదు. అమ్మో, నొప్పికి గొంతు పెగలడం లేదేమో అనుకున్నాను. అయిందా తల్లీ అన్నాను. జవాబు లేదు. భయం లేదు బంగారం, బాపు ఇక్కడే ఉన్నాడు, ఒక్క నిమిషమే, చీమ కుట్టినట్టే, అయిపోయింది, నా తల్లి ఎంత ధైర్యం గలదో, అని నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. తెలిసినవి అయిపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. చేతులు చాచాను. ఎవరూ రాలేదు.

కళ్ళు తెరిస్తే బాత్రూంలో నేనొక్కణ్ణే ఉన్నాను. వాడిన డబ్బా చెత్తబుట్టలో ఉంది. కింద పెనం మీద చుయ్యిమని చప్పుడు, దీపు రెండో దోశ అడుగుతోంది. సుధ సరే, మీట నొక్కమంటోంది. మీట చప్పుడు నాలుగుసార్లు వినిపించింది. సూది లేదు, ఏడుపు లేదు, దోశ తిరగేసిన చప్పుడు.

తువ్వాలు మడిచి దండెం మీద వేసి, కిందికి దిగాను. మూడోది నాకు వేయమన్నాను.